తోతాపురి లైను మీద మేం వేసిన లెక్క

చిత్తూరు చుట్టుపక్కల తోతాపురి మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ముందు జూన్, జులై నెలల్లో ట్రాక్టర్లు, మినీ లారీలు ఎట్లా బారులు తీరి ఉంటాయో ఈ ప్రాంతం వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ లైను మీదే మా నలుగురికి ఒక సమస్య అప్పగించారు. ముగ్గురం తిరుపతిలో అప్లైడ్ మ్యాథ్స్ రీసెర్చ్ స్కాలర్లం, నాలుగో అతనిది ఫుడ్ టెక్నాలజీ. సమస్య తెచ్చింది ఒక ఫ్యాక్టరీ ప్రొడక్షన్ మేనేజర్ గారు. ఆయన అడిగింది ఒక్క ముక్క: "మాకు వేబ్రిడ్జి ఒకటే ఉంది. రెండోది పెడితే గేటు ముందు లైను ఎంత తగ్గుతుంది?" వేబ్రిడ్జి అంటే బండిని బండిగానే ఎక్కించి తూచే కాటా.

ఫ్యాక్టరీ పేరు రాయను. వాళ్ల వివరాలు బయటికి ఇవ్వబోమని కాగితం మీద సంతకాలు చేశాకే పని మొదలుపెట్టాం. కాబట్టి కింద కనిపించే అంకెలు వాళ్ల రిజిస్టర్‌లోవి కావు, లెక్క ఎట్లా నడిచిందో తెలియడానికి నేను వేసుకున్న గుండ్రటి అంకెలు.

పరిశ్రమ వాళ్లు సమస్య తీసుకురావడం, విద్యార్థులూ మాస్టార్లూ కలిసి వారం పాటు దాని మీద కూర్చోవడం అనే పద్ధతి 1968లో ఆక్స్‌ఫర్డ్‌లో మొదలైంది. అలన్ టేలర్, లెస్లీ ఫాక్స్ దానికి ఆద్యులు. వారం మొదట్లో సమస్య వింటారు, వారం చివర్లో జవాబు చెప్తారు. ఇప్పుడు చాలా దేశాల్లో ఈ వర్క్‌షాపులు జరుగుతున్నాయి. మాదీ ఆ తరహాదే గానీ వారంతో ముగియలేదు. కాయ ఉన్నన్నాళ్లే ఆ లైను ఉంటుంది, లైను ఉన్నప్పుడే కొలవాలి. దాంతో సీజన్ పొడుగునా సాగింది.

సమస్య వినగానే మా ముగ్గురి బుర్రల్లో మెదిలింది ఒకటే: ఎం/ఎం/1 క్యూ, అంటే ఎప్పుడు పడితే అప్పుడు వచ్చేవాళ్లు ఒకే కౌంటరు ముందు కట్టే లైనుకు పుస్తకాల్లో ఉండే మోడల్. క్యూయింగ్ థియరీ, అంటే లైన్ల గణితం, పేపర్ చదివిన ఎవరికైనా అంతే. కోపెన్‌హేగెన్ టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ కోసం 1909లో ఎర్లాంగ్ అనే గణితవేత్త వేసిన లెక్కల దగ్గర్నుంచి వస్తున్న సూత్రాలు. వచ్చే వేగాన్ని పంపే వేగంతో భాగిస్తే వచ్చేదాన్ని రో అంటాం. రో 0.8 అయితే లోపల సగటున 4 బండ్లుంటాయి, 0.9 అయితే 9, 0.95 అయితే 19. అంటే పని కాస్త ఎక్కువైనా లైను అమాంతం పెరుగుతుంది. బోర్డు మీద ఇదంతా రాసేసి, రెండో వేబ్రిడ్జి పెడితే రో సగమవుతుంది కాబట్టి లైను మాయమవుతుందని తేల్చేశాం. గంటన్నరలో సమస్య అయిపోయింది. మా గైడ్ సార్ బోర్డు వైపు చూసి, "బండ్లు ఏ వేళకు వస్తాయి?" అని అడిగారు. ఎవరికీ తెలియదు. "పోయి చూసి రండి, తర్వాత మాట్లాడదాం" అన్నారు.

పూతలపట్టు మీదుగా చిత్తూరు చేరి, అక్కడి నుంచి ఆటో పట్టుకుని పోయాం. గేటు దగ్గరే విషయం సగం తెలిసిపోయింది. రైతులు తెల్లవారుజామున కాయ కోయిస్తారు, మధ్యాహ్నానికి లోడు ఎత్తుతారు, సాయంత్రానికి ఫ్యాక్టరీ చేరతారు. పొద్దున పదింటికి గేటు ముందు కదలిక ఉండదు, సాయంత్రం ఐదింటికి రోడ్డు కనపడదు. మా సూత్రాలు మాత్రం బండ్లు రోజంతా ఒకే వేగంతో వస్తాయని, పైగా ఫ్యాక్టరీ శక్తికి లోబడే వస్తాయని అనుకుంటాయి. సీజన్ నడిమధ్య వచ్చే బండ్లు పోయేవాటికంటే ఎక్కువై రో ఒకటి దాటిపోతుంది. అప్పుడు ఆ సూత్రం చేతులెత్తేస్తుంది.

మాకు పనికొచ్చింది ఇంకా పాత, మోటు పద్ధతి. రోడ్డు ట్రాఫిక్ మీద గోర్డన్ న్యూవెల్ లాంటి వాళ్లు బాగా వాడిన గీతలవి. గ్రాఫ్ కాగితం మీద గంటలు అడ్డంగా, బండ్ల సంఖ్య నిలువుగా తీసుకుని రెండు గీతలు గీయాలి. అప్పటిదాకా వచ్చినవి ఒకటి, అప్పటిదాకా వెళ్లినవి ఇంకొకటి. రెండింటికీ నిలువుగా ఎంత ఎడం ఉంటే అన్ని బండ్లు లైన్లో ఉన్నట్టు. అడ్డంగా ఎంత ఎడం ఉంటే అన్ని గంటలు కాచుకున్నట్టు. సాయంత్రం నాలుగు నుంచి రాత్రి పది దాకా గంటకు 15 బండ్లు వస్తున్నాయి, గంటకు 10 లోపలికి పోతున్నాయి అనుకోండి. పదింటికి 90 వచ్చి 60 పోయి, 30 మిగులుతాయి. ఆఖర్న వచ్చిన బండి మూడు గంటలు ఆగాలి. లైను ఒంటిగంటకు ఖాళీ అవుతుంది. గీతల మధ్య వైశాల్యం లెక్కేస్తే బండ్లన్నీ కలిపి 135 గంటలు కాచుకున్నాయని వస్తుంది, సగటున ఒక్కోటి గంటన్నర. సంభావ్యత సిద్ధాంతం ఏదీ అక్కర్లేదు, పదో తరగతి పిల్లలు కూడా చేయగలరు.

మేం ఇదంతా గీస్తుంటే లైన్లో ఉన్న ఒక ట్రాక్టర్ డ్రైవర్ తొంగి చూసి, "దీనికి కాగితమెందుకన్నా? ముందర ముప్పై బండ్లుండాయి, గంటకు పది పోతా ఉండాయి, మూడు గంటలు" అన్నాడు. సగటుల మీద జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం కూడా అదే తీరులో ఉంటుంది. మాకు దాని నిరూపణ వచ్చు, ఆయనకు దాంతో పని.

అసలు ఇబ్బంది డేటాతో వచ్చింది. గేటు దగ్గర సెక్యూరిటీ అన్న రిజిస్టర్ రాస్తాడు: బండి నంబరు, రైతు పేరు, ఊరు, టైము, టోకెన్ నంబరు. అన్ని టైములూ పావుకో అరకో గుండ్రంగా ఉన్నాయి. కొన్నిచోట్ల వరసగా ఎనిమిది బండ్లకు ఒకే టైము. అవన్నీ కలిసి రాలేదు, ఆయన టీకి పోయొచ్చి ఒకేసారి రాసుకున్నాడు. ఆ రిజిస్టర్‌ను నమ్మి బండ్లు వచ్చే తీరుకు ఒక సూత్రం (డిస్ట్రిబ్యూషన్) ఫిట్ చేస్తే టీ బ్రేక్‌కి ఫిట్ చేసినట్టే.

మమ్మల్ని కాపాడింది కాటా చీటీలు. వేబ్రిడ్జి మీద ప్రతి బండీ రెండుసార్లు ఎక్కుతుంది. లోడుతో ఒకసారి, కాయ దింపాక ఖాళీగా ఇంకోసారి. చీటీ మీద రెండు తూకాలూ, రెండింటి టైములూ కంప్యూటరే ముద్రిస్తుంది. ఆ టైముల్లో మనిషి చెయ్యి లేదు. మేనేజర్ గారు చీటీల కార్బన్ కాపీల కట్టలు ఇచ్చారు. వాటిని టైపు చేయడం మా సెమిస్టర్‌లోకెల్లా విసుగు పుట్టించిన పని, పనికొచ్చిన పని కూడా అదే.

ఆ చీటీలు చెప్పింది ఇది. తూకానికి పట్టేది మూడు నాలుగు నిమిషాలు. లోడు తూకానికీ ఖాళీ తూకానికీ మధ్య మాత్రం గంటలు పడుతోంది, పైగా రాత్రి ముదిరే కొద్దీ ఎక్కువ. అంటే బండి వేబ్రిడ్జి దాటేశాక లోపల నిలబడి ఉంది. ఎందుకు? దింపడానికి చోటు లేక. చోటు ఎందుకు లేదు? మాగబెట్టే గదులు నిండిపోయాయి. అవి ఎందుకు ఖాళీ కావు? గుజ్జు తీసే లైను తన వేగంతోనే తింటుంది, ఇంకొక్క టన్ను కూడా తీసుకోదు. తోతాపురి పచ్చిగా వస్తుంది. క్రేట్లలో పోసి, ఇథిలీన్ గ్యాస్ పెట్టిన గదుల్లో కొన్ని రోజులు మాగనివ్వాలి. కార్బైడ్ వాడటం చట్టప్రకారం నిషేధం. మాగాక కడిగి, టెంక వేరు చేసి, గుజ్జు తీసి, జల్లెడ పట్టి, వేడి చేసి, చల్లార్చి, గాలి తగలని సంచుల్లో నింపి డ్రమ్ముల్లో పెడతారు. ఈ గొలుసులో వేబ్రిడ్జి చాలా చురుకైన కొక్కెం. రెండోది పెడితే బండ్లు బయట నిలబడే బదులు లోపల నిలబడతాయి. ఇదంతా కంప్యూటర్‌లో నడిపి చూసిన మా సిమ్యులేషన్‌లో రద్దీ రోజుల్లో మొత్తం ఆలస్యం దాదాపు కదల్లేదు.

ఒకటి మాత్రం కదిలింది. ఖాళీ బండ్లు, లోడు బండ్లు ఒకే ప్లేటు కోసం పోటీ పడుతున్నాయి. లోడు బండ్లకే ముందు చోటిస్తే ఖాళీవి యార్డులో ఇరుక్కుని, దింపే చోటుకు అడ్డం పడుతున్నాయి. ఖాళీ వాటిని ముందు పంపితే యార్డు సుఖంగా తిరుగుతుంది. పైసా ఖర్చు లేదు. పైథాన్‌లో సింపై అనే సిమ్యులేషన్ లైబ్రరీతో రాసిన మోడల్‌లో ఒక్క వరస మారిస్తే తేడా కనిపించింది.

ఇక్కడితో ఆపేసి ఉంటే చక్కటి ప్రాజెక్టు రిపోర్టు అయ్యేది. కానీ మా ఫుడ్ టెక్నాలజీ మిత్రుడు ఊరుకోలేదు. "మీరు బండ్లను లెక్కపెడుతున్నారు, బండిలో ఉన్నది ఇటుకలా?" అన్నాడు. లైన్లో ఉన్న కాయ ఊపిరి తీస్తూనే ఉంటుంది. కోసినా మామిడి మాగడం ఆగదు, లోపలి పిండిపదార్థం చక్కెరగా మారుతూ ఉంటుంది, ఆ పనిలో వేడి పుడుతుంది. టార్పాలిన్ కప్పిన లోడు మధ్యలోకి అతను పొడుగాటి థర్మామీటర్ దించాడు. రాత్రి పూట బయటి గాలి కంటే కుప్ప నడుమ వేడిగా ఉంది. పది డిగ్రీలు పెరిగితే ఇలాంటి జీవక్రియల వేగం సుమారు రెండింతలు, ఒక్కోసారి మూడింతలు అవుతుంది. అదే లోడులో పైకాయ పచ్చిగా, నడిమి కాయ మాగుతూ ఉంటుంది. అతను రెండు కాయలూ కోసి, ఒక్కోదాని రసం చుక్క రిఫ్రాక్టోమీటర్ గాజు మీద వేసి, వెలుతురుకు పెట్టి నాతో చూపించాడు. నీలం, తెలుపు కలిసే గీత రెండింటికీ వేర్వేరు అంకెల దగ్గర ఆగింది. అది బ్రిక్స్, అంటే రసంలో కరిగిన చక్కెర పాళ్లు. తోతాపురి గుజ్జు కొనేవాళ్లు మామూలుగా కనీసం 14 అడుగుతారు.

దాంతో మోడల్‌లోకి మాగుడు కూడా వచ్చింది. మాగే వేగం ఇప్పటిదాకా మాగినదానికీ, ఇంకా మాగాల్సినదానికీ రెండింటికీ అనుపాతంలో ఉంటుందని తీసుకున్నాం. జనాభా లెక్కల్లో వాడే లాజిస్టిక్ సమీకరణమే, గుణకం మాత్రం ఉష్ణోగ్రతతో మారుతుంది. ఇప్పుడు లైను అంటే ఊరికే ఆలస్యం అనడానికి లేదు. అది ఎవరూ అద్దె కట్టని మాగబెట్టే గది. ఒక రోజు లైన్లో ఉన్న కాయ గదిలో ఆ మేరకు తక్కువ రోజులుంటుంది. ఫ్యాక్టరీకి గది మిగులుతుంది, గ్యాస్ మిగులుతుంది. మరీ ఎక్కువ సేపుంటే అడుగు కాయ నలిగి కుళ్లుతుంది. అది గ్రేడింగ్‌లో తీసేస్తారు, దాని బరువు రైతుకు కోత పడుతుంది.

ఈ మాట బంగారుపాళ్యం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన నోటి నుంచి ముందే విన్నాం. మేం ఎండలో చీటీలు రాసుకుంటుంటే పిలిచి, "ఏం చదువుతా ఉండారు నాయనా?" అని అడిగాడు. లైను తగ్గించే లెక్క వేస్తున్నామన్నాం. "తగ్గిస్తే మంచిదే. తోట కాడ వేయించిన తూకానికి, ఈడ కాటా మీద తూకానికి మధ్యలో ఎండిపోయేదంతా నాదే గదా సామీ" అన్నాడు. కోసిన కాయ నీరు కోల్పోతుంది. రోజుకు ఒక శాతం పోతుందనుకున్నా, నాలుగు టన్నుల లోడులో 40 కిలోలు. 2025 సీజన్‌లో ధర పడిపోయినప్పుడు ప్రభుత్వం కిలోకు 12 రూపాయలని లెక్క కట్టింది, ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4. ఆ ధరకే వేసుకున్నా 480 రూపాయలు గేటు ముందు ఆవిరైనట్టు. దానికి ట్రాక్టర్ వెయిటింగ్ బాడుగ, డ్రైవర్ భోజనం అదనం.

ఆప్టిమైజేషన్, అంటే అన్నిటికంటే తక్కువ ఖర్చయ్యే పద్ధతి వెతకడం, మొదలుపెట్టాక ఇదంతా గొంతుకు అడ్డం పడింది. ఏదైనా కనిష్ఠం చేయాలంటే ముందు ఖర్చు రాయాలి. మేం మూడు రాశాం: గుజ్జు లైను ఖాళీగా తిరిగితే నష్టం, కుళ్లిన కాయ నష్టం, బండి కాచుకున్న గంటల నష్టం. మొదటి రెండింటికీ మేనేజర్ గారు టకటకా ధరలు చెప్పారు. మూడోదానికి ఎంత వేయాలంటే కాసేపు ఆలోచించి, "అది మా పుస్తకాల్లో రాదు కదండీ" అన్నారు. ఆయన మంచి మనిషి, మాకు భోజనం పెట్టించి మరీ చీటీలు ఇచ్చినాయన. ఆ మాటలో దాపరికం కూడా లేదు. నిజంగానే వాళ్ల పుస్తకాల్లో రాదు.

సరేనని మూడోదాని దగ్గర సున్నా పెట్టి మోడల్ నడిపాం. వచ్చిన ఉత్తమ పరిష్కారం: గేటు ముందు ఎప్పుడూ పొడుగాటి లైను ఉంచుకోవడం. గుజ్జు లైను ఖాళీగా తిరగడం బాగా ఖరీదైన తప్పు, బయట నిలబడ్డ కాయ ఉచితం, కాబట్టి ఎంత ఎక్కువ ఉంటే అంత మేలు. గ్రాఫ్ తీసి చూస్తే అది ఆ ఫ్యాక్టరీ ముందు రోజూ కనిపించే లైనులాగే ఉంది. వాళ్లకు గణితం చెప్పడానికి పోయిన మాకు, వాళ్లు తమ లెక్క ప్రకారం ఇప్పటికే ఉత్తమంగా నడుపుకుంటున్నారని తేలింది. మా బ్యాచ్‌మేట్ ఒకమ్మాయి, "మరి మనల్ని ఎందుకు పిలిచినట్టు?" అని అడిగింది. కలెక్టరేట్ నుంచి లైన్ల గురించి ఫోన్లు వస్తుంటే వాళ్లకూ టెన్షనే అని మాకు తర్వాత అర్థమైంది.

మేం ఆ మూడో గుణకాన్ని, అంటే బండి కాచుకున్న గంటకు కట్టే ధరను, ఒక అంకెగా పెట్టడం మానేశాం. సున్నా నుంచి మెల్లగా పెంచుకుంటూ పోయి, ప్రతి దగ్గరా వచ్చిన జవాబును చుక్కగా పెట్టాం. అడ్డంగా రైతు కాచుకున్న గంటలు, నిలువుగా ఫ్యాక్టరీ నష్టం. ఆ వంపు మొదట్లో దాదాపు చదునుగా ఉంది. అంటే నిరీక్షణను చాలా దూరం తగ్గించినా ఫ్యాక్టరీకి పడేది చాలా తక్కువ. పైన వేసిన 90 బండ్ల లెక్కలోనే చూడండి. అవే బండ్లు ఆరు గంటల్లో ఎగబడకుండా తొమ్మిది గంటల్లో సర్దుకుని గంటకు పది చొప్పున వస్తే, ఫ్యాక్టరీ అంతే కాయ దింపుకుంటుంది, ఒంటిగంటకే ముగిస్తుంది, 135 గంటల నిరీక్షణ మాత్రం దాదాపు సున్నా అవుతుంది. కొత్త యంత్రం లేదు, కొత్త కాటా లేదు.

తిరుపతి వాళ్లకు ఇది విడమరిచి చెప్పాలా? కొండ మీద సర్వదర్శనానికి టైమ్ స్లాట్ టోకెన్ ఇస్తున్నది అందుకే. ఫ్యాక్టరీ కూడా టోకెన్లు ఇస్తోంది, వాటి మీద వరస నంబరే ఉంది, వేళ లేదు. నంబరు మాత్రమే ఉన్న టోకెన్ కోసం జనం ఇంకా ముందుగా వస్తారు, వేళ ఉన్నదైతే ఆ వేళకు వస్తారు.

అయితే అందరూ వేళకే రారు. లోడెత్తే కూలీలు దొరక్క కొందరు ఆలస్యం, దారిలో టైరు పోయి ఇంకొందరు. సరిగ్గా గంటకు పదిమందినే పిలిస్తే గుజ్జు లైను ఖాళీగా తిరిగే ప్రమాదముంది. ఇదే తలనొప్పి ఆసుపత్రుల ఓపీల్లో ఉండేది. 1952లో బెయిలీ, వెల్చ్ అనే ఇద్దరు దానికి సులువైన ఉపాయం చెప్పారు: మొదట ఇద్దరిని ఒకేసారి రమ్మని, తర్వాత ఒక్కొక్కరినీ పిలవండి. డాక్టరు ఖాళీగా కూర్చోడు, రోగులు మరీ ఎక్కువసేపు ఆగరు. మేం అదే చేశాం, షిఫ్టు మొదట్లో కొన్ని బండ్లను అదనంగా పిలిచి చిన్న నిల్వ పెట్టుకున్నాం. ఎంత నిల్వ చాలో సిమ్యులేషన్ చెప్పింది. అలవాటు పడ్డ లైనుతో పోలిస్తే అది చాలా పొట్టిది.

మోడల్ చెప్పనిది దామలచెరువు మార్కెట్లో ర్యాంపుల దగ్గర, అంటే రైతుల కాయ కొని ఫ్యాక్టరీలకు పంపే చోట్ల, మాట్లాడితే తెలిసింది. వేళ రాసిన టోకెన్‌ను రైతు నమ్మాలంటే ఆ వేళకు కచ్చితంగా దింపుకోవాలి. ఒక్కసారి కోసిన కాయకు టోకెన్ చెల్లదంటే ఇక ఎవరూ దాన్ని లెక్కచేయరు, అందరూ మళ్లీ సాయంత్రమే వస్తారు. ర్యాంపు వాళ్లకు ఇంకో లెక్క ఉంది. ఒకేసారి పది బండ్లు పంపితే వాళ్లకు సులువు, విడివిడిగా పంపాలంటే కష్టం. దీనికి సమీకరణం రాయబోయి మానేశాం.

ప్రెజెంటేషన్ తెలుగులోనే ఇచ్చాం. మొదటి రిహార్సల్‌లో సార్ సగం స్లైడ్లు తీయించేశారు. సమీకరణాలన్నీ పోయాయి, రో కూడా పోయింది. మిగిలింది "పొద్దున ఆరింటికి గేటు ముందు ఎన్ని బండ్లుంటాయి" అనే పట్టిక, ఆ వంపు గీత. వినేవాళ్లకు సగటు అక్కర్లేదు, ఎంత ఘోరమైన రోజు వస్తుందో కావాలి. కొనుగోళ్లు చూసే పెద్దమనిషి వంపు గీత దగ్గర ఆపి, "మా రిపోర్టులో రైతు ఖర్చు ఎందుకు పెట్టారు?" అని అడిగారు. నాకు గొంతు ఎండిపోయింది. మా బ్యాచ్‌మేట్ అమ్మాయే జవాబిచ్చింది: "అది సున్నా అనుకుంటే మీకు మా రిపోర్టు అవసరం లేదు సార్, ఇప్పుడున్నదే ఉత్తమం." ఆయన నవ్వి తర్వాతి స్లైడు అడిగారు.

ఖాళీ బండ్లను ముందు తూచడం వెంటనే అమల్లోకి వచ్చింది. వేళ రాసిన టోకెన్లు సొంత ర్యాంపుల నుంచి వచ్చే బండ్లకు మాత్రం ఇచ్చి చూశారు. నేరుగా తోట నుంచి వచ్చే రైతులకు పాత టోకెనే. అసలు వాళ్లకే ఎక్కువ అవసరమని నా అభిప్రాయం, రిపోర్టులో రాశాం కూడా. రెండో వేబ్రిడ్జికి మాత్రం ఆర్డరు పెట్టేశారు. అది లైను తగ్గించదని తేల్చాం కదా అంటే మేనేజర్ గారు, "సీజన్లో ఉన్న ఒక్కటీ మొరాయిస్తే గేటు మూసుకోవాలి కదమ్మా" అన్నారు. ఆ కారణం సమస్య చెప్పిన రోజున ఆయన నోట రాలేదు.

రిపోర్టు కాపీ ఒకటి బంగారుపాళ్యం పెద్దాయనకు ఇవ్వొచ్చా అని అడిగాం. ఒప్పందం ప్రకారం కుదరదన్నారు. థీసిస్‌లో ఆ అధ్యాయం ఉంటుంది, అంకెలన్నీ ఒక స్థిరరాశితో గుణించి మార్చేశాం, మూడో గుణకం అక్షరంగానే ఉంది.